మరిగించిన తోడు

ఒక కొండ ఊళ్ళో ఒక మనిషి ఇంట్లో ఏల్ కాచేవాడు. ఏల్ అంటే బార్లీతో చేసే గోధుమరంగు బీరు. ఎప్పుడో వచ్చి ఎప్పుడో వెళ్ళిపోయిన ఇంగ్లీషు దొరల దగ్గర ఆ ఊరివాళ్ళు అది నేర్చుకున్నారు. దొరలు పోయినా అలవాటు పోలేదు. బార్లీని మొలకెత్తించి, మంగలంలో దోరగా వేయించి, వేడినీళ్ళలో ఊరబెట్టేవారు. ఆ తియ్యటి నీళ్ళలో హాప్ తీగల చేదు పూలు వేసి కాచి, గోరువెచ్చగా చల్లారాక తోడు వేసేవారు. పాలకి మజ్జిగ ఎలాగో, దానికి పాత పీపా అడుగున మిగిలిన మడ్డి అలాగ. తోడు బతికుంటే నురగ లేస్తుంది. చచ్చిపోతే పీపా పీపా కుళ్ళిపోతుంది.

ఇంటింటా పీపా ఉన్నా ఈ మనిషి ఏల్‌కే పేరు. పెళ్ళి కుదిరినా, తగువు తీరినా అతని ఇంటికే కబురు వచ్చేది. అంతా అతని చేతిలో ఉందనేవారు. అతను అవునని అనలేదు, కాదనీ అనలేదు.

నిజానికి ఆరేళ్ళ కిందట అతని పీపా చెడిపోతే, వీధి చివరి అవ్వ తన తోడు గిన్నెడు ఇచ్చింది. ఒక్కమాటే అడిగింది. "ఎవరైనా వచ్చి అడిగితే లేదనకు. నాకూ ఒకరు ఇచ్చిందే ఇది."

అతను ఎవరికీ లేదనలేదు. అడిగినవాళ్ళకల్లా ఇచ్చాడు. కాకపోతే ఇచ్చేముందు లోపలికి వెళ్ళి, ఆ మడ్డిని చచ్చేలా ఒక్క పొంగు రానిచ్చి, చల్లార్చి తెచ్చేవాడు. ఊరందరి ఏలూ ఒక్కలాగే ఉంటే తన గడప ఎవరు తొక్కుతారని అతని భయం. మొదటిసారి, కంబళ్ళు నేసే ఆమెకి ఇచ్చినప్పుడు, ఆమె మొహంకేసి చూడలేకపోయాడు. తర్వాత అందరి మొహం చూసే ఇచ్చాడు. తీసుకెళ్ళినవాళ్ళు నాలుగు రోజులు చూసి, కుళ్ళిన పీపా పారబోసుకుని, తమ చేతినే తిట్టుకునేవారు. అతన్ని ఒక్కరూ అనుమానించలేదు. ఏటా ఊళ్ళో రెండో మూడో ఇళ్ళవాళ్ళు ఏల్ కాచడం మానేసి పీపాలు బోర్లించేవారు.

ఒక ఏడు అవ్వ రెండు నెలలు జ్వరంతో మంచం పట్టింది. లేచేసరికి తన తోడు ఎండిపోయి ఉంది. గిన్నె పట్టుకుని అతని దగ్గరికే వచ్చింది. ఈమెకైనా మంచిది ఇవ్వాలనే అతను లోపలికి వెళ్ళాడు. కానీ అతని ఏల్ రుచి అంతా ఆమె ఇచ్చిన తోడుదేనని ఆమె నాలుక ఇట్టే పట్టేస్తుంది, నలుగురితో అంటుంది. పొయ్యిలో నిప్పు ఎలాగూ ఉంది. మరిగించే ఇచ్చాడు.

వారం తిరక్కుండా అవ్వ మళ్ళీ వచ్చింది. ఈసారి గిన్నె లేదు. చేతిలో, బార్లీ కలిపే పొడుగాటి తెడ్డు ఉంది.

"నా చెయ్యి పోయింది నాయనా," అంది. "నువ్వు మంచిదే ఇచ్చావు, నేనే చెడగొట్టుకున్నాను. ఇంకెవరికీ చెప్పుకోలేదు. ఇది నువ్వు ఉంచుకో, నాకింక దేనికి?"

తల ఎత్తకుండా చెప్పింది. తప్పు చేసినవాళ్ళు నిలబడేలా నిలబడింది. అలా నిలబడవలసింది తానని అతనికి తెలుసు. అయినా చెయ్యి చాపి తెడ్డు అందుకున్నాడు. ఆ సాయంత్రం ఏల్‌కి వచ్చినవాళ్ళు తెడ్డు బాగుందే, ఎవరిదని అడిగితే, నాదేనన్నాడు.

ఆ మాట అన్నాక అతను తెడ్డుని తన తెడ్ల పక్కన పెట్టలేక, గుమ్మం దగ్గరే ఉంచాడు. తెల్లవారగానే తెడ్డూ, పచ్చి తోడు నిండిన గిన్నే పట్టుకుని అవ్వ గుమ్మంలో నిలబడ్డాడు.

"నీకు ఇచ్చింది మరిగించి ఇచ్చానవ్వా."

అవ్వకి అర్థం కాలేదు. తోడుని ఎవరైనా ఎందుకు మరిగిస్తారని అడిగింది. అతను మళ్ళీ మొదటినుంచి చెప్పవలసి వచ్చింది. రెండోసారి చెప్పడం మరీ కష్టమైంది. ఆమె తెడ్డూ గిన్నే అందుకుని, ఎంతమందికి ఇలా ఇచ్చావని అడిగింది. అడిగిన అందరికీ అన్నాడు.

"అయితే వాళ్ళ చేతులేం పోలేదని వాళ్ళకి చెప్పి రా," అంది.

అతను బయల్దేరాడు. ప్రతి గుమ్మంలోనూ అదే మాట చెప్పి, గిన్నెడు తోడు ఇచ్చాడు. కంబళ్ళు నేసే ఆమె అంతా విని, గిన్నె తీసుకుని, తలుపు వేసేసింది. ఒక ముసలాయన ఇదంతా అతని వినయం అనుకుని భుజం తట్టాడు. ఆయన్ని నమ్మించడానికి పూటంతా పట్టింది. ఇంకో ఇంట్లో ఇల్లాలు, పీపా చెడగొట్టావని తను మూడేళ్ళుగా దెప్పుతున్న మొగుడివైపు తిరిగి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఊరు కొండ పొడుగునా చెదిరి ఉంది. తిరిగి తిరిగి ఇంటికి చేరేసరికి, రోజుల తరబడి ఎవరూ చూడని అతని పీపా పులిసి కంపు కొడుతోంది. అడుగున పనికొచ్చే చుక్క లేదు. అడగడానికి అతనికి ఒక్క గుమ్మమే తోచింది.

అవ్వ ఇల్లు చేదు పూల వాసనతో నిండి ఉంది. అతను గిన్నె చాపాడు. ఆమె ఏమీ అడగకుండా లోపలికి వెళ్ళి, నిండా పోసి, మూత పెట్టి తెచ్చి ఇచ్చింది.

అతను గిన్నె అందుకుని, ఆ గుమ్మంలోనే మూత తీసి, బతికున్న తోడు చిటపటలు వినిపిస్తున్నాయా అని చెవి ఆనించాడు. ఏం చేస్తున్నాడో తల ఎత్తేదాకా అతనికి తెలియలేదు. అవ్వ ఎదురుగా, అతను వినడం అయ్యేదాకా ఆగి నిలబడి ఉంది.

"బతికే ఉంది నాయనా," అంది. "తీసుకెళ్ళు."