తవిటమ్మ చదివింపు

అన్యాయం జరిగింది పాతరేవు తవిటమ్మకి. ఎప్పుడంటే, కార్తీకంలో పెద్దగాలి లేచి తాటిచెట్లన్నిటినీ పడమటికి పడుకోబెట్టిన ఏడు. అప్పటికి ఏటి మీద వంతెన లేదు. వంతెన అనే మాట కూడా ఎవరి నోటా పుట్టలేదు. ఇటువాళ్ళు అటు పోవాలన్నా, అటువాళ్ళు ఇటు రావాలన్నా తవిటమ్మ మొగుడు పోలయ్య నావ ఒక్కటే దిక్కు. ఆ గాలి ఆ నావని ఎత్తి రేవు బండకేసి కొట్టింది. నావ మూడు ముక్కలయింది.

నావ లేని నావవాడు ఏం చేస్తాడు? షావుకారు వరహాలయ్య గడప తొక్కాడు. ఒడ్డున ఉన్న తన ఇల్లు తాకట్టు పెట్టి తొంభై రూపాయలు తెచ్చాడు. గడువు ఐదేళ్ళు. గడువు దాటితే ఇల్లు షావుకారుది. ఆ ఇంటి మీద షావుకారుకి ఎప్పటినుంచో కన్నుంది. రేవు దిగిన సరుకు దాచుకోవడానికి అంతకన్నా మంచి చోటు ఊళ్ళో లేదు.

అయితే ఆ రోజు పదిమందిలో నిలబడి, వరహాలయ్య తీయగా ఒక మాట అన్నాడు. గడువుతో పనిలేదురా పోలిగా, ఎప్పుడు తెస్తే అప్పుడు తీసుకుంటాను, తెచ్చిన పూటే వడ్డీ ఆగిపోతుంది అన్నాడు. పదిమందీ ధర్మాత్ముడన్నారు. ఆ మాట మాత్రం కాగితంలోకి ఎక్కలేదు. వేలిముద్ర వేసినవాడికి చదవడం రాదు. చదవడం వచ్చినవాడు చదివి వినిపించలేదు. లోకంలో సగం ఇళ్ళు పోయింది ఈ మర్యాద వల్లనే.

కొత్త నావ నీళ్ళలోకి దిగింది. తవిటమ్మ మాత్రం గట్టు మీద కూర్చుని గవ్వలు పేర్చి లెక్క వేసుకుంది. ఐదేళ్ళూ ఆగితే వడ్డీయే ఇంచుమించు ఇంకో నావ ఖరీదు. ఐదేళ్ళు ఆగకూడదు అనుకుంది. ఆ సాయంత్రం మొగుడితో చెప్పింది.

"మావా, మనింట్లో ఖర్చు ఎక్కడెక్కడుందో సూద్దాం."

"మనింట్లో ఖర్చేటే, తినడం తప్ప?"

"అదే సూద్దాం."

మొదట దీపం దగ్గర చూసింది. ఆముదం అణాలు తాగుతోంది. ఎందుకూ? చీకట్లో కూర్చుని తినడానికి. పొద్దుండగానే తినేస్తే దీపం ఎందుకు? ఆ మర్నాటి నుంచి ఏటి మీద ఎండ ఎర్రబడేసరికి తవిటమ్మ ఇంట్లో కంచాలు కడిగేసి ఉండేవి. అత్త అసిరమ్మ పీట మీద కూర్చుని ఊరంతా వినేలా సణిగింది. పిట్టలతోపాటు తిని పిట్టలతోపాటు పడుకోవడం ఈ వయసులో నేర్చుకోవాల్సి వచ్చింది, రేపు గుడ్లు కూడా పెట్టమంటుందేమో కోడలు అంది. మిగిలిన కానీ ఉట్టెక్కింది.

రెండోది పొయ్యి. రోజూ వరన్నం మానేసి చోడి అంబలి కాచింది. చింతపండు ఒకసారి పిసికి పారేసే ఇల్లు కాదిది అని, రెండోసారి కూడా పిసికింది. సంతలో కూర కొనడం మానేసి, ఏటి గట్టున పుట్టిన తోటకూరా పొనగంటికూరా కోసుకొచ్చింది. పక్కింటి ఇద్దరు ఆడవాళ్ళతో మాట్లాడి, ఒక పూట ఒకరి పొయ్యి మీదే ముగ్గురి కుండలూ వంతున కాగేలా చేసింది. కట్టెలు మూడో వంతుకి దిగాయి. పోలయ్య కంచంలోకి చూసి, గేదెకి పెట్టేదీ నాకు పెట్టేదీ ఒకటే అయిపోయింది అన్నాడు. గేదె పాలిస్తుంది మావా, నువ్వు మాటలే ఇస్తున్నావు అంది తవిటమ్మ. మిగిలిన కానీ ఉట్టెక్కింది.

మూడోది చుట్ట. ఇక్కడే అందరి ప్రాణాలూ లేచాయి. ఆ ఏటి ఒడ్డున ఆడవాళ్ళకి అడ్డపొగ అలవాటు, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని పీల్చేవారు. అత్త తాగుతుంది, కోడలు తాగుతుంది, కొడుకు మామూలుగా తాగుతాడు. పొదుపంటే ఆడదాని నోరు కట్టేయడమే అనుకునే మగవాళ్ళు ఆ రోజుల్లోనూ ఉన్నారు. నీది మానెయ్యి సరిపోతుంది అన్నాడు పోలయ్య. తవిటమ్మ తనది మానేసింది, మొగుడిదీ మానిపించింది. పొగ మీదికి ప్రాణం పోయినప్పుడల్లా వెలిగించని చుట్ట ఒకటి నోట్లో పెట్టుకుని తిరిగేది. ఆ ఒక్క చుట్ట ఆవిడకి ఏడాది వచ్చింది.

అత్త మాత్రం వినలేదు. "నా చుట్టలు మూడూ నాకు లెక్కపెట్టి ఇయ్యి. నేను పోయాక మిగుల్చుకో" అంది. తవిటమ్మ రోజూ పొద్దున్నే మూడు చుట్టల డబ్బులు అత్త చేతిలో పెట్టేది. అది పోను మిగిలిన కానీ ఉట్టెక్కింది.

ఇలా రెండేళ్ళు తిరిగాయి. ఉట్టి మీద కుండ బరువుకి దూలం కిర్రుమనడం మొదలెట్టింది. మళ్ళీ కార్తీకం వచ్చేసరికి అసలూ వడ్డీ కుండలో సరిగ్గా నిండాయి. గడువు ఇంకా మూడేళ్ళుంది. తవిటమ్మ కుండ నెత్తిన పెట్టుకుని షావుకారు ఇంటికి పోయింది.

వరహాలయ్య కుండ వైపు చూశాడు, తవిటమ్మ వైపు చూశాడు. ఆయన కళ్ళ ముందు సరుకుల కొట్టు కరిగిపోయింది. కానీ కాదనలేదు. మెత్తగా నవ్వి, ఇవాళ శుక్రవారం కదమ్మా, శుక్రవారం ఇంట్లోంచి కాగితం బయటికి పోకూడదు, ఇవాళ మంచిది కాదు, మళ్ళీ రా అన్నాడు.

తవిటమ్మ నమ్మింది. ఆవిడకీ పట్టింపులున్నాయి. పొద్దు కూకాక ఉప్పు చేబదులివ్వదు, మంగళవారం చీపురు కొనదు. శుక్రవారం వచ్చినందుకు తననే తిట్టుకుంటూ తిరిగొచ్చింది.

రెండోసారి పోయింది. ఇప్పుడు మూఢం నడుస్తోందమ్మా, తాకట్లు విడిపించుకోవడం నీకే అరిష్టం, ఇవాళ మంచిది కాదు, మళ్ళీ రా అన్నాడు. అదీ నమ్మింది. మూఢం పోయేదాకా కాచుకుంది. ఈలోగా వడ్డీ కాచుకోలేదు.

మూడోసారి పోయింది. ఎక్కడో పెదతండ్రి వరస ముసలాయన పోయాడు, మాకు మైల, డబ్బు ముట్టుకోకూడదు, ఇవాళ మంచిది కాదు, మళ్ళీ రా అన్నాడు. సరేనని వెనక్కి తిరిగింది. పెరటి దారిన పోతుంటే కిటికీలోంచి అదే వరహాలయ్య, అదే మైలతో, ఇంకెవరో తెచ్చిన వడ్డీ డబ్బులు వేళ్ళతో దొంతర్లు పెడుతూ కనిపించాడు.

మైల కాగితాలకే గానీ వడ్డీకి పట్టదన్నమాట. తవిటమ్మ అక్కడే నోట్లో చుట్ట కసుక్కున కొరికి రెండు ముక్కలు చేసింది.

ఇంటికొచ్చి కూలబడింది. వరహాలయ్య ఇలాగే గడువు గడిపేస్తాడు. పేదింట్లో ఉట్టి మీద డబ్బుంటే ఎన్నాళ్ళుంటుంది? ఒకసారి నావకి చిల్లు పడితే చాలు, ఒకరికి జ్వరం వస్తే చాలు. షావుకారు కాచుకున్నది సరిగ్గా దానికే. పైగా ఈ తిరుగుడుకి పెరిగిన వడ్డీతో కుండ ఎనిమిది రూపాయలు వెనకబడింది. ఇంక తగ్గించడానికి ఏం మిగిలింది? అంబలి కన్నా పల్చగా కాస్తే అది ఏటి నీళ్ళే.

అప్పుడు పీట మీదినుంచి అసిరమ్మ లేచింది. పాత గంపలోంచి ఒక మూట తీసి కోడలి ఒళ్ళో పడేసింది. విప్పితే అన్నీ కానీలే. మూడు చుట్టల డబ్బు తీసుకుంటూ, రోజుకి ఒక్కటే తాగుతూ వచ్చింది ముసలమ్మ. సణుగుడు మాత్రం మూడు చుట్టలదీ సణిగింది.

"ఎందుకత్తా ఇది?"

"నా దినానికని దాసుకున్నాను. ఇల్లే నేకపోతే నా దినం ఎక్కడ పెడతావే, రేవులోనా?"

కుండ మళ్ళీ నిండింది. ఇక కావలసింది వరహాలయ్య కాదనలేని రోజు. ఆ రోజుని ఆయనే వెతికి పెట్టాడు. వైశాఖంలో సోమవారం నాడు ఆయన కూతురి పెళ్ళి. ముహూర్తం కోసం ముగ్గురు పంతుళ్ళని కూర్చోబెట్టాడు. ఇంత మంచి రోజు మళ్ళీ పన్నెండేళ్ళదాకా లేదని ఊరూరా చెప్పుకున్నాడు.

ఆ సీమలో పెళ్ళి చదివింపులకి ఒక పద్ధతుంది. తాళి కట్టాక పందిట్లో ఇత్తడి పళ్ళెం పెడతారు. ఒక్కొక్కరే వచ్చి డబ్బు పళ్ళెంలో వేసి, ఏం చెప్పి ఇస్తున్నారో చెబుతారు. కేకల కూర్మన్న అనే ఆయన అది మూడుసార్లు కేకేస్తాడు. కరణం రాసుకుంటాడు. మూడో కేక పడ్డాక ఆ మాటకి తిరుగులేదు, దేవుడొచ్చినా దిద్దలేడు. అందుకని కూర్మన్న ఇచ్చినవాళ్ళ మాటలో ఒక్క అక్షరం కలపడు, ఒక్క అక్షరం తీయడు. అది ఆయన పరువు.

తవిటమ్మ కుండకి పసుపు పూసి నెత్తిన పెట్టుకుని పందిట్లోకి వచ్చింది. వెనక పోలయ్య, ఆ వెనక అసిరమ్మ. ముందు పళ్ళెంలో రూపాయి పావలా వేసి పెళ్ళికూతురికి అంది. కూర్మన్న మూడు కేకలూ వేశాడు. వరహాలయ్య మీసం దువ్వుకుని సంతోషించాడు. అప్పుడు ఆవిడ కుండ దించింది.

"అన్నా, ఇది ఇంటి తాకట్టు బాకీ. అసలూ వడ్డీ ఇవాల్టి వరకూ. కేకెయ్యి."

కూర్మన్న ముందు లెక్క తేలాలన్నాడు. చుట్టూ కూర్చున్న ఆడవాళ్ళు జరిగి వచ్చి కుండ బోర్లించి నాణేలు దొంతర్లు పెట్టారు. లెక్క తేలింది, అణాతో సహా సరిపోయింది. మొదటి కేక పడింది. పందిరి అవతల వంటవాళ్ళు కూడా గరిటెలు ఆపారు.

వరహాలయ్య లేచి వచ్చి, పెళ్ళిలో లెక్కలేమిటి తవిటమ్మా, రేపు రా, చూసుకుందాం అన్నాడు.

"రేపు మంగళారం బాబూ. మీకు పనికిరాదు. ఎల్లుండి అష్టమి. ఆపైన మళ్ళీ మూఢమో మైలో."

రెండో కేక పడింది. వరహాలయ్య చెయ్యెత్తి "ఇవాళ" అన్నాడు. ఆ తర్వాతి మాట నోటిదాకా వచ్చింది. అలవాటైన మాట. కానీ ఎదురుగా పసుపుబట్టల్లో కూతురుంది, పక్కన వియ్యంకుడున్నాడు, ముగ్గురు పంతుళ్ళూ తలెత్తి చూస్తున్నారు. ఇవాళ మంచిది కాదు అని ఏ నోటితో అంటాడు? ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. వియ్యంకుడికి విషయం తెలియదు. బాకీ నడిచొచ్చి తీర్చే మనుషులున్న ఊరు బావగారూ మీది, అదృష్టవంతులు అన్నాడు.

మూడో కేక పడింది.

"చదివించినవాళ్ళకి తాంబూలం ఇవ్వాలమ్మా" అంది తవిటమ్మ షావుకారు భార్యతో. "నా తాంబూలంలో నా కాగితం పెట్టి ఇయ్యండి."

ఆ మహాతల్లి మొగుడి ముందు చెయ్యి చాపింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన ఇనప్పెట్టె తాళం ఆవిడ చేతికి రావడం అదే మొదలు. లోపలికి పోయి, రెండు ఆకులూ ఒక వక్కా, వాటి మధ్య మడిచిన కాగితం తెచ్చి, తవిటమ్మకి బొట్టు పెట్టి ఒళ్ళో పోసింది. నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుందని చూసినవాళ్ళు చెప్పుకున్నారు.

ఆ పూట పాతరేవు వాళ్ళంతా రెండు పెళ్ళిళ్ళ భోజనం తిన్నట్టు తిన్నారు. పోలయ్య మూడుసార్లు అన్నం మారడిగాడు, రెండేళ్ళ అంబలి అంతా ఒక్క విస్తట్లో తీర్చుకున్నాడు. మర్నాడు ఇంట్లో దీపం పెట్టుకుందామా అని అడిగాడు. అలవాటైపోయింది కదా, ఇప్పుడెందుకు అంది తవిటమ్మ. ఆపైన ఉట్టెక్కిన కానీలతో ఇంటికి కొత్త తాటాకు కప్పించింది.

అసిరమ్మ ఆ ఇంట్లోనే పోయింది, దినం అక్కడే ఘనంగా చేశారు. చాలా ఏళ్ళకి తవిటమ్మా ఆ ఇంట్లోనే కన్నుమూసింది. ఆ ఏడు పాతరేవులో మొదటి పెళ్ళి జరిగినప్పుడు, ముసలి కూర్మన్న పళ్ళెం ముందు కూర్చుని, ఎవరూ డబ్బు వెయ్యకముందే తవిటమ్మ పేరు కేకేశాడు. పెళ్ళిపందిట్లో పోయినవాళ్ళ పేరెత్తకూడదు. కానీ ఒక్కరూ అడ్డు చెప్పలేదు. పెళ్ళికూతురి తల్లి లేచి పళ్ళెం ముందు రెండాకులూ వక్కా పెట్టింది.

ఇప్పుడు ఏటి మీద వంతెనుంది, నావ లేదు. అయినా ఆ ఒడ్డున పొద్దుండగానే తినేసే ఇంటిని తవిటమ్మ ఇల్లంటారు. తాకట్టు తీర్చినవాళ్ళకి కాగితం ఉత్తచేత్తో ఇవ్వరు, తాంబూలంలో పెట్టి ఇస్తారు. ఏ పెళ్ళిలోనైనా చదివింపులు మొదలయ్యే ముందు, మేళం ఆపించి, కేకేసేవాడు మూడుసార్లు ఈ పద్దు వినిపిస్తాడు, అది విన్నాకే మొదటి రూపాయి పళ్ళెంలో పడుతుంది:

పాతరేవు తవిటమ్మ, పెళ్ళికూతురికి రూపాయి పావలా. ఇంటి తాకట్టు బాకీ, అసలూ వడ్డీ కలిపి, నూట ముప్పై రూపాయల ఎనిమిదణాలు. చెల్లు.