గవరయ్య అడగని ప్రశ్న

కోటలో ఎవరు ఏ తలుపు తీయబోయినా, "లోపల ఏముందో తెలిసే తీస్తున్నారా, దొరా?" అని అడగడం కాపలాదారు గవరయ్య పని. ఆ మాట వినీ వినీ దివానుకు ఒళ్లు మండింది. ఇకమీదట హెచ్చరికలు వద్దని శాసనం రాయించి, నోరు తెరిస్తే నాలుక కోయిస్తానన్నాడు.

మర్నాడు దివాను మూల గది గడియ మీద చెయ్యి వేశాడు. గవరయ్య మాట్లాడలేదు. నాలుగడుగులు వెనక్కి వేసి, బల్లెం బిగించి పట్టుకున్నాడు.

నిన్న అడవిలో పట్టి తెచ్చిన చిరుతను ఏ గదిలో బంధించారో దివానుకు గుర్తు రాలేదు. గడియ మీంచి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"లోపల ఏముందిరా?"

గవరయ్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"నాలుక కోయించనులే, చెప్పు."

"చీపుళ్లు, దొరా. రేపట్నుంచి అడగడం నా వంతా, తమ వంతా?"