మూడో చెలమ దగ్గర ఆగని జింక

అనగనగా ఒక బీడు. అడవి అందామంటే చెట్లు లేవు, ఊరు అందామంటే మనుషులు లేరు. ఎర్రమట్టి, గులకరాళ్లు, మోకాలెత్తు గడ్డి. అంతే. ఆ బీడులో ఒక జింకల మంద ఉండేది. ఆ మందలో చిటికి అనే పడుచు జింక ఉండేది.

చిటికి ఒకచోట నిలిచేది కాదు. మీలో కొందరు కంచం ముందు కూర్చుని కాళ్లూపుతుంటారే, అట్లాగన్నమాట. మేస్తూ మేస్తూ నాలుగు గెంతులు గెంతేది. పడుకున్నా చెవో, తోకో ఆడుతూనే ఉండేది. "కాలుగాలిన పిల్లి మాదిరి ఏం తిరుగుడే అది?" అనేది వాళ్లమ్మ. చిటికి ఆ మాట వినేలోపే ఇంకో చోట ఉండేది.

బీడుకు ఐదు రోజుల నడక దూరంలో ఒక ఏరు ఉంది. ఎండాకాలం వస్తే ఏరంతా ఎండి ఇసుక తేలుతుంది. ఒక్క పెద్ద మడుగు మాత్రం మిగులుతుంది. రోహిణి కార్తె వచ్చేసరికి చుట్టుపక్కల మందలన్నీ ఆ మడుగుకే చేరాలి. ముందు ఎవరు తాగాలి? ఒకప్పుడు దీనికోసం కొమ్ములు విరిగేలా కొట్టుకునేవాళ్లు. చివరికి పెద్దలు కూర్చుని ఒక పందెం పెట్టారు. మందకు ఒకరు పరుగెత్తాలి. ఎర్రకొండ దగ్గర బయలుదేరి, ఏటి ఇసుకలో పదమూడు క్రోసులు పరుగెత్తి, మడుగు చేరాలి. వాళ్లు చేరిన వరసే ఆ వేసవంతా మందలు తాగే వరస.

నిరుడు జింకలది ఆఖరి వంతు. అందరూ తాగి, తొక్కి వెళ్లాక బురద మిగిలింది. ఈ ఏడు మందలో నలుగురు కడుపుతో ఉన్నారు. అందులో చిటికి వాళ్లమ్మ ఒకతె. కడుపుతో ఉన్నవాళ్లు బురద తాగి ఎన్నాళ్లుంటారు? అందుకని మందలో అందరికంటే వేగంగల చిటికిని పందేనికి పంపారు. తోడుగా ఓబులత్త వెళ్లింది. ఓబులత్త వయసులో ఉన్నప్పుడు ఆ పందెం రెండుసార్లు గెలిచింది. మంద మెల్లగా వెనక వస్తుంది.

"చల్లపొద్దున నడుద్దాం. ఎండెక్కినాక నీడన పడుకుందాం. ఉన్న బలం దాచుకోవాల, పిల్లా" అంది ఓబులత్త.

చిటికి "ఊఁ" అంది. ఊఁ అనడానికి ఏం ఖర్చు?

మొదటి రోజు మధ్యాహ్నం ఒక సుడిగాలి వచ్చింది. చిటికి నీడలోంచి లేచి దాని వెంటపడింది. రెండో రోజు ఒక గుట్ట కనిపించింది. ఏరు కనబడుతుందేమోనని దాని కొన దాకా పరుగెత్తి, నాలుక వేలాడేసుకుని తిరిగొచ్చింది.

"కనపళ్లేదత్తా."

"ఇంకా మూడు రోజుల నడకుంటే ఎట్ల కనపడతాది? పడుకో."

మూడో రోజు పడుకుంది. పడుకుని, "ఇంకా ఎంత దూరం? ఇంకా ఎంత దూరం?" అని అడిగింది. ఓబులత్తకు కూడా కన్నంటలేదు.

అట్లా ఐదో రోజుకు ఏటి ఒడ్డునున్న ఎర్రకొండ చేరారు. పందెగాళ్లందరూ బండల నీడన పడుకుని ఉన్నారు. తోడేలు, అడవిపంది, నక్క, కుందేలు. వాళ్ల మధ్య ఒక మనుబోతు. మనుబోతు తెలుసుగా, గుర్రమంత ఎత్తుంటుంది, ఎద్దులా నెమ్మదిగా ఉంటుంది. అది నోరు తెరుచుకుని గుర్రుపెడుతోంది. చిటికి మాత్రం కొండ చుట్టూ మూడుసార్లు తిరిగొచ్చింది. రేపు ఓడితే అమ్మ ఏం తాగుతుంది? కూర్చుంటే ఆ గుబులు ఎక్కువవుతుంది, తిరిగితే తగ్గినట్టుంటుంది.

"పందెం రేపమ్మా. నువ్వు ఈపొద్దే పరిగెత్తేస్తివి" అంది ఓబులత్త. "పరిగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్లు తాగేది మేలంటారు."

"నీళ్ల కోసమే కదత్తా పరిగెత్తేది?"

ఓబులత్త నవ్వి, దగ్గర కూర్చోబెట్టుకుని అసలు మాట చెప్పింది. "దారిలో మూడు చోట్ల ఇసుక కింద ఊట ఉంది. కాలితో చెలమ తవ్వుకో. గుక్కెడు నీళ్లు ఊరతాయి. తాగు. మళ్లా ఊరేదాకా ఆ తడి ఇసుకలోనే నిలబడు. మళ్లా తాగు. అట్ల చెలమకు మూడు ఊటలు తాగినాకే కదలాల."

"కదిలితే తప్పా?"

"తప్పని ఎవరూ అనరు. ఎవరూ చూడరు గూడా. పాత పరుగోళ్ల అలవాటది."

తెల్లవారగానే పందెం మొదలైంది. చిటికి రివ్వున దూసుకుపోయింది. పొద్దు బారెడెక్కేసరికి ఇసుక పెనంలా కాలింది. వడగాడ్పు ముఖాన కొట్టింది. మొదటి చెలమ చోటికి చిటికే ముందు చేరింది. గబగబా చెలమ తవ్వింది. గుక్కెడు నీళ్లు ఊరాయి. తాగింది. రెండో ఊట కోసం నిలబడాలి. నిలబడటమా? ఈ కాలు ఎత్తి ఆ కాలు వేసింది, ఆ కాలు ఎత్తి ఈ కాలు వేసింది. ఆ తొక్కుడుకు గట్టు విరిగి ఇసుక చెలమలో పడింది. చెలమ పూడిపోయింది. మళ్లీ తవ్వింది, మళ్లీ తొక్కి పూడ్చేసింది.

ఈలోగా మనుబోతు వచ్చి, పక్కన ఇంకో చెలమ తవ్వుకుని, కళ్లు సగం మూసుకుని నిలబడింది. ఒక ఊట తాగింది. రెండు తాగింది. మూడూ తాగి, మూతి నాక్కుని, ఏమీ ఎరగనట్టు వెళ్లిపోయింది.

చిటికికి ఏడుపొచ్చింది. తన చెలమను వదిలేసి పరుగెత్తి, మనుబోతును దాటేసింది. రెండో చోట చెలమ తవ్వి, ఒక్క గుక్క తాగి కదిలింది. వెనక్కి చూస్తే మనుబోతు చీమంత కనబడింది. చిటికికి ఇప్పుడు సంతోషంగా ఉంది.

మూడో చెలమ చోట ఒక కొంగ ఒంటికాలి మీద నిలబడి ఉంది.

"తాగిపో తల్లీ. ఇక్కడినుంచి మడుగు రెండు క్రోసులే. కానీ ఆ రెండు క్రోసులూ చెట్టు నీడ లేదు" అంది కొంగ.

చిటికి ఆగింది. నాలుక పిడచకట్టుకుపోయింది. కాళ్లు వణుకుతున్నాయి. మూడు ఊటలంటే ఎంతసేపు? ఆ సేపట్లో మనుబోతు వచ్చేస్తే? తోడేలు వచ్చేస్తే? దూరంగా మడుగు గట్టు మీది తాటిచెట్లు కనబడుతున్నాయి.

"అక్కడే తాగుతాలే. అక్కడ మడుగంత నీళ్లున్నాయి" అని పరుగు తీసింది.

క్రోసెడు దూరం బాగానే వెళ్లింది. తర్వాత తాటిచెట్లు రెండు నాలుగయ్యాయి. చెవుల్లో గుయ్యిమంది. ముందుకాళ్లు మడతపడ్డాయి. చిటికి ఇసుకలో కూలబడి, ఒడ్డునున్న తుమ్మపొద కిందికి ఎలాగో పాకింది. లేవబోయింది. కాళ్లు మాట వినలేదు.

కొంతసేపటికి మనుబోతు వచ్చింది. ఆగి చూసింది.

"మూడో చెలమలో తాగినావా, పిల్లా?"

చిటికి తల అడ్డంగా ఊపింది.

"అయితే లెయ్యబాక. పొద్దు వాలేదాకా ఈడనే పడుకో. పానం ముఖ్యం" అని, మనుబోతు అదే నడకతో వెళ్లిపోయింది. దానికీ ఒక మంద ఉంది కదా.

తర్వాత తోడేలు వెళ్లింది. అడవిపంది వెళ్లింది. నక్క వెళ్లింది. చివరికి కుందేలు కూడా కుంటుకుంటూ వెళ్లింది. ఒక్కొక్కరు దాటుతుంటే వాళ్లమ్మ వంతు ఒక్కొక్కటే వెనక్కి జరిగింది. చిటికి అన్నీ లెక్కపెట్టింది. పడుకుని లెక్కపెట్టడం తప్ప చేయగలిగిందేమీ లేదు.

పొద్దు వాలాక లేచి, నడుచుకుంటూ మడుగు చేరింది. అవతలి ఒడ్డు దారిన అప్పటికే వచ్చిన ఓబులత్త గట్టు మీద ఉంది. చిటికి ముఖానికంటిన ఇసుకను నాకి తుడిచింది. తిడితే బాగుండుననిపించింది చిటికికి.

రెండు రోజులకు మంద వచ్చింది. మర్నాడు పొద్దున మందలన్నీ వరసగా నిలబడ్డాయి. ముందు మనుబోతులు దిగాయి. నిదానంగా తాగాయి. తర్వాత తోడేళ్లు, తర్వాత అడవిపందులు. పందులు తాగడమే కాదు, దొర్లాయి కూడా. జింకలు అందరి వెనక, ఎండలో ఉన్నాయి. చిటికి వాళ్లమ్మ కడుపు బరువుకు నిలబడలేక ఇసుకలో కూర్చుంది.

"అమ్మా, మూడో చెలమ దగ్గర నేను ఆగలేదు" అంది చిటికి.

వాళ్లమ్మ తల తిప్పి చూసింది. "ఆగుంటే ఎంతసేపు పట్టేది?"

"మూడు ఊటలు. మనుబోతులు తాగినంతసేపు గూడా కాదు."

వాళ్లమ్మ ముందున్న మందల వైపు చూసింది. ఇంకా నక్కలున్నాయి, కుందేళ్లున్నాయి. "సరేలే" అని కళ్లు మూసుకుంది. తూర్పుపొద్దు సూటిగా ఆమె ముఖం మీద పడుతోంది.

చిటికి లేచి, పొద్దుకు అడ్డంగా నిలబడింది. దాని నీడ వాళ్లమ్మ తల మీద పడింది. సన్నటి జింక, సన్నటి నీడ. ఒక్క అడుగు కదిలినా ఎండ మళ్లీ అమ్మ కళ్లలో పడుతుంది. కాళ్ల కింద ఇసుక కాలింది. జోరీగ వచ్చి మెడ మీద కుట్టింది. చిటికి తోక కూడా ఆడించలేదు. నక్కలు తాగి వెళ్లాయి, కుందేళ్లు తాగి వెళ్లాయి. వాళ్ల వంతు వచ్చేదాకా అది అక్కడే నిలబడి ఉంది.

నీతి: ఆగాల్సిన చోట ఆగనివాడి ఆలస్యాన్ని, వాణ్ణి నమ్ముకున్నవాళ్లంతా మోయాల్సి వస్తుంది.