ఈరక్క చోటు

వినండి. మన ముత్తాతల ముత్తాతలు ఇంకా ఉయ్యాల దిగని కాలం అది. నల్లబండ అని ఒక కోట ఉండేది. కోట కింద సిపాయిల పేట ఉండేది. ఆ పేటలో ఈరక్క అని ఒకామె ఉండేది.

ఈరక్క మొగుడు కదిరప్ప. బురుజు మీద ఫిరంగిలో మందు కూరడం ఆయన పని. శత్రువులు కోటను చుట్టుముట్టినప్పుడు మూడు పగళ్ళు, మూడు రాత్రులు బురుజు దిగలేదు. మూడో నాడు ఫిరంగి పగిలింది. అవతలి పక్కనున్న ఇద్దరు అక్కడికక్కడే పోయారు. ఇవతలున్న బుడ్డన్నకు కాలు పోయింది. కదిరప్పకు మాత్రం ఒంటి మీద గీత పడలేదు.

ఈరక్క ఏడు గుళ్ళ వాకిళ్ళలో దీపం పెట్టి దండం పెట్టుకుంది.

వారం తిరగకముందే ఆమెకు సంగతి తెలిసింది. పిలిస్తే ఆయన పలకడు. చెంబు చేతికిస్తే వణికి జారవిడుస్తాడు. ఆకాశం ఉరిమితే మంచం కింద దూరి రెండు చేతులతో తల పట్టుకుంటాడు. నాగలి పట్టలేడు. మేకను తోలలేడు. ఎడమ చెవి దగ్గర నోరు పెట్టి అరిస్తే సగం మాట వినబడేది, అంతే.

ఆ రాజ్యంలో ఒక కట్టడి ఉండేది. యుద్ధంలో దెబ్బతిని పనికి పోలేని సిపాయికి నెత్తురు మాన్యం ఇవ్వాలి. అంటే బతికినన్నాళ్ళూ తినడానికి ఒక చెక్క పొలం. అది దొరకనివాడు పేట వదిలిపోవాలి. అడగడానికి మూడే సార్లు. మూడోసారి కూడా కాదంటే, ఇక జన్మలో ఆ మాట ఎత్తకూడదు.

మొదటిసారి ఠాణేదారు దగ్గరికి పోయారు. ఆయన కదిరప్పను కిందికీ పైకీ చూశాడు.

"చేతులున్నాయి. కాళ్ళున్నాయి. దెబ్బ ఏదమ్మా?"

"లోపల ఉంది సామీ."

"లోపలిది నాకెట్లా కనపడుతుంది? కాదు పో."

రెండోసారి కోట అధికారి దగ్గరికి పోయారు. ఆయన మంచివాడే. కూర్చోమన్నాడు. మూడు మాటలు అడిగాడు.

"యుద్ధంలో ఉన్నాడా?"

"ఉన్నాడు సామీ."

"ఇప్పుడు జబ్బు ఉందా?"

"ఉంది సామీ. చూస్తున్నారు కదా."

"ఆ జబ్బు యుద్ధం వల్లే వచ్చిందా? ఆ ఏడు పేటలో విషజ్వరం వచ్చింది. దానివల్ల చెవులు పోయినవాళ్ళు ఉన్నారు. మీ ఆయనకూ జ్వరం వచ్చిందా?"

ఈరక్క మొగుడి వైపు చూసింది. రాలేదంటే ఒక్క మాట. ఎవరు చూడొచ్చారు?

"వచ్చింది సామీ. ఫిరంగి పగిలిన వారంలోనే, నాలుగు రోజులు."

అధికారి నిట్టూర్చాడు. "మరి నేనేం చెయ్యనమ్మా? కాదు."

దారి పొడుగునా ఈరక్క తనను తాను తిట్టుకుంది. 'ఆ ఒక్క మాట మింగలేకపోయానే' అనుకుంది. పక్కన నడుస్తున్న కదిరప్ప ఆమె మొహం చూసి, "ఇచ్చారా?" అని అడిగాడు. ఆమె జవాబు చెప్పలేదు. చెప్పినా వినపడదని కాదు. వినపడుతుందేమోనని.

ఇక ఒక్కసారే మిగిలింది. రాజుగారి కొలువులో ముగ్గురు పెద్దలు కూర్చుంటారు. వాళ్ళ మాటే చివరి మాట. ఈరక్కకు తిండి సయించలేదు. పొయ్యి మీద ఎసరు పెట్టి బియ్యం పోయడం మరిచిపోయేది.

ఫిరంగి పగిలిననాడు బురుజు మీద ఉండి, కదిరప్ప కాక బతికినవాడు బుడ్డన్న ఒక్కడే. ఆయనకు కాలు పోయింది కాబట్టి అడిగిన వెంటనే దూరపు ఊళ్ళో మాన్యం ఇచ్చారు. మూడు రోజులు నడిచి ఈరక్క ఆ ఊరు చేరుకుంది.

"అన్నా, నువ్వు చూసింది చెప్పు. అంతే."

బుడ్డన్న తల దించుకున్నాడు. "చెప్తే నా మాన్యం సంగతి మళ్ళీ తవ్వుతారేమో, చెల్లీ. పిల్లలున్నోణ్ణి. భయంగా ఉంది."

ఈరక్క గట్టిగా ఒక్క మాట అనలేదు. భయమంటే ఏమిటో ఆమెకు తెలుసు. పెట్టిన సంగటి తిని, నీళ్ళు తాగి, వచ్చిన దారినే తిరిగి వెళ్ళింది.

కొలువు రోజు వచ్చింది. ముగ్గురు పెద్దలు చెక్క అరుగు మీద కూర్చున్నారు. కొలువు మొదలైందని నగారా మోగింది. ఆ మోతకు కదిరప్ప నేల మీద పడి, అరుగు కిందికి దూరి, తల పట్టుకున్నాడు.

"అదిగో, దెబ్బ" అన్నాడు మొదటి పెద్ద.

"నటన" అన్నాడు రెండో పెద్ద.

మూడో పెద్ద అరుగు కిందికి వంగి చూశాడు. అందరికంటే ముసలివాడు ఆయనే. "చూసినవాళ్ళు ఉన్నారా?" అని అడిగాడు.

బంట్రోతు పిలిచాడు. ఎవరూ పలకలేదు. రెండోసారి పిలిచాడు.  మూడోసారి పిలుస్తుండగా బయట ఎద్దుల బండి ఆగింది. కర్ర ఊతంతో బుడ్డన్న లోపలికి వచ్చాడు. ఒళ్ళంతా చెమట.

"నేను చూశాను దొరా. నా కాలు తెగి పడి ఉన్నా చూశాను. కదిరప్ప రెండు చెవుల్లోంచీ నెత్తురు కారింది. ఎవరో తుడిచేశారు. తుడిచేశాక ఇంకెవరికి కనపడుతుంది?"

"స్నేహితుడు కాబట్టి చెబుతున్నాడు. జ్వరం మాటేమిటి?" అన్నాడు రెండో పెద్ద.

"స్నేహితుడే చూస్తాడు. శత్రువు చూస్తాడా?" అన్నాడు మొదటి పెద్ద.

ఇద్దరూ ముసలాయన వైపు తిరిగారు. ఆయన ఈరక్కను ముందుకు రమ్మన్నాడు. తర్వాత అన్నాడు:

"అమ్మా, ఫిరంగి వల్ల కావచ్చు. జ్వరం వల్ల కావచ్చు. అటు సగం, ఇటు సగం. నాకు తేలడం లేదు. తేలనిదాన్ని ఎట్లా ఇవ్వను?"

 ఈరక్క గొంతు లేచింది.

"దొరా, ఒక్క మాట. ఆ బురుజు ఎక్కేటప్పుడు మా ఆయన దిగుతాడో దిగడో ఎవరికీ తెలీదు. అదీ సగం సగమే. తేలేదాకా ఆగుతానని ఆయన అన్నాడా? మీ వైపు వచ్చి నిలబడ్డాడు. ఇప్పుడు మీకు సగం సగం వచ్చింది. మీరు మా వైపు రాకూడదా?"

 నగారా మోగించిన వాడు చేతిలోని కర్ర కింద పెట్టేశాడు.

ముసలాయన అరుగు దిగాడు. వంగి, అరుగు కింద ఉన్న కదిరప్ప చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చాడు. ఎడమ చెవి దగ్గర నోరు పెట్టి, "ఇచ్చాం నాయనా" అని అరిచాడు.

"ఏమంటున్నాడు?" అని కదిరప్ప పెళ్ళాన్ని అడిగాడు. ఆమె ఏడుస్తూ తల ఊపింది.

ఆనాటి నుంచి సగం సగంగా నిలిచిన ఏ సిపాయి మాటనైనా సిపాయి వైపే తేల్చాలని కట్టడి పెట్టారు.

ఆ పొలంలో ఏడు పంటలు తిని కదిరప్ప పోయాడు. ఈరక్క ఊరికే కూర్చోలేదు. కన్ను పోయినవాడు వచ్చాడు, వెంట వెళ్ళింది. నడుము విరిగినవాడు వచ్చాడు, వెంట వెళ్ళింది. మొగుణ్ణి పోగొట్టుకున్నామె వచ్చింది, వెంట వెళ్ళింది. వాళ్ళ కుడిపక్కన కూర్చుని, "ఉన్నది చెప్పు. లేనిది చెప్పొద్దు. మధ్యలో లేచి రావద్దు" అనేది. వాళ్ళకు వణుకు పుడితే చెయ్యి పట్టుకునేది. నిజానికి ఆమె చెయ్యి కూడా వణికేది. చివరిదాకా ఆ వణుకు పోలేదు.

ఒకనాడు అట్లాగే ఒక కుంటి సిపాయితో కొలువుకు పోతూ దారిలోనే ఒరిగిపోయింది. ఆమెను మట్టి చేసి ఆ సిపాయి ఒక్కడే కొలువుకు పోయాడు. కుడిపక్కన చోటు వదిలి కూర్చున్నాడు. పెద్దలు ఎందుకని అడగలేదు.

ఇప్పటికీ ఆ చుట్టుపక్కల ఊళ్ళలో పెద్దల ముందు కూర్చునేవాళ్ళు కుడిపక్కన మనిషి పట్టేంత చోటు వదులుతారు. తెలియనివాళ్ళు వచ్చి అక్కడ కూర్చోబోతే మెల్లిగా అంటారు:

"కొంచెం జరుగన్నా, ఈరక్క వస్తుంది."