చప్పట్ల దిబ్బకు ఆ పేరు వచ్చిన వైనం

గోదావరి పాయ రెండుగా చీలి మళ్లీ కలిసేచోట, పెదగరువు లంక నడిమధ్య ఈ ఎత్తయిన ఇసుక దిబ్బ ఉన్నది. రేవులో పడవ దిగి, అరటితోటల మధ్య బాటవెంట పావుగంట నడిస్తే సున్నం వేసిన చిన్న క్రైస్తవ దేవాలయం కనిపిస్తుంది. ఆగస్టు నాలుగో ఆదివారం ఇక్కడ జరిగే పండుగకు ఈ బాటలో కాలు పెట్టే సందు ఉండదు! ఏ మతంవారైనా రావచ్చు, వస్తారు కూడా.

పూర్వం ఇక్కడ దేవాలయం లేదు. దిబ్బ కింద నలభై గుడిసెల పేట మాత్రం ఉండేది. అందులో జక్కరయ్య, వేదమణి అనే దంపతులు లంక పొలాల్లో కూలి చేసుకుంటూ, ప్రభువును నమ్ముకుని బతికేవారు. జక్కరయ్య తల్లి ఆశీర్వాదమ్మ కూడా వారితోనే ఉండేది.

ఒక ఏడు శ్రావణమాసంలో తెల్లవారేసరికి ఏరు పేటలోకి వచ్చేసింది. జక్కరయ్య ముసలివాళ్లను ఒక్కొక్కరినే భుజాన వేసుకుని దిబ్బ ఎక్కించాడు. చివరిగా ఒక మంచంపట్టిన అవ్వను అరటిబోదెల తెప్పమీద పడుకోబెట్టి, ఈదుతూ నెట్టుకొచ్చాడు. తెప్ప దిబ్బకు తగిలింది, అవ్వ బతికింది. అతడిని మాత్రం సుడి లాక్కుపోయింది. వేదమణి కళ్లెదుటే ఇదంతా జరిగింది.

నూటముప్పైమంది దిబ్బమీద చిక్కుకున్నారు. తిండి లేదు. వాన తెరలుతెరలుగా పడుతుంటే పదిబారల అవతల ఏమున్నదో కనిపించదు. అరిచి అరిచి అందరి గొంతులూ పూడుకుపోయాయి.

రెండోనాటి మధ్యాహ్నం, మోకాళ్లమీద తల వాల్చిన వేదమణికి కునుకు పట్టింది. కలలో ప్రభువు ఆమె పక్కనే బురదలో కూర్చుని ఉన్నాడు. ఆయన తలనుంచి వాననీరు కారుతున్నది. "వేదమణీ, నిన్నటినుంచి నేనూ నీతోనే తడుస్తున్నాను. జక్కరయ్య నా దగ్గర ఉన్నాడు. లేచి చప్పట్లు చరుచు" అన్నాడు.

ఆమె ఉలిక్కిపడి లేచింది. పాడబోతే గొంతు పెగలలేదు. అప్పుడు చప్పట్లు కొట్టసాగింది.

ఆశీర్వాదమ్మ మండిపడింది. "నా కొడుకు పోయి రెండ్రోజులు కాలేదు. చప్పట్లేమిటే? మతి పోయిందా?"

"మతి పోలేదత్తా" అన్నది వేదమణి, బొంగురు గొంతుతో, ఏడుస్తూనే. "ఆయన నాకు లేడన్న దుఃఖం ఎక్కడికీ పోలేదు. కానీ ప్రభువు ఇక్కడే మన మధ్యే ఉన్నాడత్తా! నీ కొడుకు తన దగ్గరే ఉన్నాడని చెప్పాడు. లోపల సంతోషం పొంగుతోంది, ఆపుకోవడం నా వల్ల కావడం లేదు!"

ఆశీర్వాదమ్మ కోడలి ముఖంలోకి చాలాసేపు చూసింది. తర్వాత తన రెండు చేతులూ ఎత్తి ఒకసారి కలిపింది. మళ్లీ కలిపింది. అంతే! పక్కవారు అందుకున్నారు, వారి పక్కవారు అందుకున్నారు. దిబ్బంతా ఒకటే తాళం! ఆకలితో పడిపోయినవారు సైతం లేచి కూర్చున్నారు. రెండు రోజుల తర్వాత పిల్లలు నవ్వారు!

సరిగ్గా అదే వేళకు నూకరాజు అనే సరంగు రెండు నావలతో ఆ పాయలో దారి తప్పి తిరుగుతున్నాడు. వానచాటున దిబ్బ కనిపించక దాటిపోయేవాడే. చప్పట్లు విని నావ తిప్పాడు. ఒడ్డు తగలగానే తెల్లబోయి, "ఇక్కడేదో పెళ్లి జరుగుతోందనుకున్నానండీ!" అన్నాడు. చీకటి పడేలోపల నూటముప్పైమందీ గట్టెక్కారు.

జక్కరయ్య దేహం దొరకలేదు. వేదమణి ఆ తర్వాత నలభై ఏళ్లు బతికింది. ఏ ఇంట చావు జరిగినా వెళ్లి, ముందు వారితో కలిసి ఏడ్చేది, లేచేముందు ప్రభువును స్తుతించి వచ్చేది. అత్తాకోడళ్లు ఇటుకలు మోయగా ఈ దేవాలయం లేచింది. తరువాత పెద్దలు గంట కొనిస్తామంటే సంఘం వద్దన్నది. నేటికీ ఇక్కడ ఆరాధనకు పిలుపు చప్పట్లే.

పండుగనాడు మొదటి చప్పట్లు కొట్టే హక్కు ఆ ఏడు అయినవారిని పోగొట్టుకున్నవారిదే. వారిని ముందు వరసలో నిలబెడతారు. వారి చేతులు కలిసేదాకా ఎవరూ తొందరపెట్టరు. కిందటేడు బిడ్డను పోగొట్టుకున్న ఒక తల్లి గంటకు పైగా చేతులు కట్టుకునే నిలబడింది. వేలమంది ఎండలో కదలకుండా కాచుకున్నారు. చివరికి ఆమె చేతులు విడివడి, మెల్లగా ఒకటై మోగాయి. ఆ వెంటనే దిబ్బమీద లేచిన చప్పట్లకు అవతలి ఒడ్డున పొలాల్లో ఉన్నవారు పనులాపి, ఇటువైపు తిరిగి తామూ చప్పట్లు కొట్టారు!