చివరివాడు లేని బడి

కుందవరం రాజు భద్రసేనుడికి ఒకరోజు భోజనమయ్యాక ఒక కోరిక పుట్టింది. కడుపు నిండాక పుట్టే కోరికలకు బుద్ధితో పెద్దగా పని ఉండదు.

"మన రాజబడిలో చివరివాడు అనేవాడు ఉండకూడదు," అన్నాడు సభలో.

నవ్వొచ్చినవాళ్ళు నవ్వు మింగేశారు. బడి పెద్ద అనంతశయన పంతులు మాత్రం లేచి శాలువా సర్దుకుని, "చిత్తం ప్రభూ, ఆరు నెలలు చాలు," అన్నాడు.

ఆయన పద్ధతి చాలా తేలిక. నెలకో పరీక్ష పెట్టడం, వరుసలో కింది సగాన్ని ఇంటికి పంపెయ్యడం. అరవై నలుగురు పిల్లలు ముప్ఫై ఇద్దరయ్యారు, ఆపైన పదహారుమంది, ఆపైన ఎనిమిదిమంది. వెళ్ళిపోయే ప్రతివాడి చేతిలోనూ 'మొద్దు' అని రాసిన తాటాకు పెట్టేవాడు. ఆ తాటాకు చూపించకపోతే వేరే బడిలో చేర్చుకోరు. చూపిస్తే అసలే చేర్చుకోరు.

ఇదేమిటని అడగడానికి వచ్చిన తల్లిదండ్రులను పంతులు ఎండలో నిలబెట్టి, "సంస్కృతంలో అడగండి, చెబుతాను," అని లోపలికి వెళ్ళిపోయేవాడు.

మూడో నెలలో నేతగాడు సిరిపెద్ది కొడుకు బొజ్జన్నకు ఆ తాటాకు వచ్చింది. సిరిపెద్ది మూడుసార్లు బడికి వెళ్ళాడు. మూడుసార్లూ నోరు పెగలక తిరిగొచ్చాడు. చివరికి, కొలువులో జనం విన్నపాలు చదివి వినిపించే నాగసాని దగ్గరికి వెళ్ళాడు.

"పంతులుగారి ముందు నిలబడితే నా పేరు నాకే గుర్తురాదమ్మా," అన్నాడు. "మా వాడు మగ్గం కాడికి రానంటాడు, చదువుకుంటానంటాడు. నేనేం చెయ్యను?"

"పరీక్షలో ఎన్ని వచ్చాయి?"

"వందకు తొంభై నాలుగు. పదహారుమందిలో తొమ్మిదోవాడు."

"మొదటి నెల ముప్ఫై రెండోవాడు బడిలో నిలిచాడు కదా, వాడికెన్ని?"

"డెబ్బై. మా పక్కింటివాడే."

నాగసాని లెక్క చూసుకుని ముక్కు మీద వేలేసుకుంది. "డెబ్బై వస్తే తెలివైనవాడు, తొంభై నాలుగు వస్తే మొద్దు. పద సిరిపెద్దీ, మాట్లాడేది నేను. నువ్వు నా పక్కన నిలబడు, చాలు."

సభలో సిరిపెద్దిని చూడగానే పంతులు పెదవి విరిచాడు. "ఏం నాగసానీ, ఇప్పుడు మగ్గాలు కూడా చదువు గురించి మాట్లాడుతున్నాయా?"

"అయ్యో, మీ పద్ధతిని మెచ్చుకుందామని వచ్చాం పంతులుగారూ," అంది నాగసాని. ఆమె రాజువైపు తిరిగింది. "ప్రభూ, ఇంత గొప్ప పద్ధతి పిల్లలకేనా? బడిలో ఎనిమిదిమంది గురువులున్నారు. వాళ్ళలో మాత్రం చివరివాడు ఎందుకుండాలి?"

రాజుకు ఆ మాట నచ్చింది. పంతులుకు ఇంకా నచ్చింది, తోటి గురువుల్లో ఇద్దరంటే ఆయనకు చాన్నాళ్ళుగా కడుపుమంట. ప్రశ్నలు తనే వేస్తానన్నాడు. జవాబులూ తనే దిద్దుతానన్నాడు. వేసినవన్నీ తను రాసిన గ్రంథంలోంచే వేశాడు. ఆ గ్రంథాన్ని ఆయన తప్ప మరొకరు చదివిన పాపాన పోలేదు.

మొదటి విడతకు నలుగురు గురువులు ఇంటిదారి పట్టారు. రెండో విడతకు ఇద్దరు. మూడో విడతకు ఇంకొకాయన తలవంచుకుని వెళ్తుంటే పంతులు "పాపం" అన్నాడు, ముప్ఫై రెండు పళ్ళూ కనిపించేలా.

సభ మధ్యలో ఆయనొక్కడే మిగిలాడు. రొమ్ము విరుచుకుని, "చూశారా ప్రభూ, ఇప్పుడు నా వెనక ఒక్కడూ లేడు," అన్నాడు.

నాగసాని చేతులు జోడించింది.

"మీ వెనక ఒక్కడూ లేడంటే, చివరివారు మీరే కదా పంతులుగారూ."

పంతులు శాలువా సర్దుకున్నాడు. "నేను మొదటివాణ్ణి."

"కాదని ఎవరన్నారు? మొదటివారూ మీరే, చివరివారూ మీరే. చివరివారు బడిలో ఉండకూడదని ప్రభువుల ఆజ్ఞ. ఆ చివరివారిని ఇంటికి పంపి మొదటివారిని ఇక్కడే ఎలా ఉంచాలో మీరే సెలవివ్వండి."

"ఒక్కడున్న వరుసకు చివరేమిటి? ఇది తిక్క లెక్క."

"తిక్క లెక్కేనండీ, మీదే. అరవై నలుగురిలో చివరివాడు ఒకడు. ఎనిమిదిమందిలోనూ ఒకడే. మూడు నెలల్లో యాభై ఆరుగురు పిల్లల్ని తగ్గించారు గానీ, చివరివాణ్ణి ఒక్కణ్ణి కూడా తగ్గించలేకపోయారు."

సభంతా రాజు ముఖం వైపు చూసింది. ఆజ్ఞ ఆయనది కాబట్టి ఆయనకు అర్థమయ్యేదాకా ఎవరూ నవ్వడానికి లేదు. అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. ముందు చెవులు ఎర్రబడ్డాయి, తర్వాత బొజ్జ కదిలింది, ఆ తర్వాత ఆయన నవ్వు కట్టలు తెంచుకుంది. సభ కూడా ఒక్కసారిగా గొల్లుమంది.

పంపిన పిల్లలందరినీ బడికి పిలిపించమనీ, ఆ తాటాకులు పొయ్యిలో పెట్టమనీ, ఏడుగురు గురువులనూ వెనక్కి రప్పించమనీ రాజు ఆజ్ఞ ఇచ్చాడు. తన మెడలోని ముత్యాల హారం తీసి నాగసానికిచ్చి, "ఇకమీదట బడిలో ఏ తల్లికి, ఏ తండ్రికి ఇబ్బంది వచ్చినా వాళ్ళ తరఫున నువ్వే మాట్లాడాలి," అన్నాడు.

సిరిపెద్దికి అప్పుడు నోరు పెగిలింది. "మా వాడు రేపు ఏ వేళకి రావాలి దొరా?"

"పొద్దున్నే," అన్నాడు రాజు.

నవ్వులు ఆగాక పంతులు మెల్లగా నాగసాని పక్కకు చేరాడు. శాలువా ఒక భుజం మీంచి జారిపోయింది. "మరి నా సంగతేమిటమ్మా?" అన్నాడు.

"రేపు మీ అమ్మగారినీ నాన్నగారినీ వెంటబెట్టుకు రండి పంతులుగారూ," అంది నాగసాని. "వాళ్ళ తరఫున కూడా నేనే మాట్లాడతాను."