వెనక వరుసలోంచి చూస్తే

మూలపేటలో ఇడ్లీలమ్ముకునే పోలమ్మ ఉండేది. బేరం చేయడంలో దిట్ట. అందుకే ఊరి గ్రంథాలయానికి టీవీ కొనే పని పంచాయతీ ఆమెకే అప్పగించింది. పాత టీవీ మరీ చిన్నది, సాయంత్రాలు అక్కడ చేరే ముసలివాళ్ల చూపుకి ఆనేది కాదు. పోలమ్మ పట్నమంతా గాలించి, చవకలో గోడంత టీవీ తెచ్చింది.

సర్పంచి జగ్గునాయుడికి మాత్రం తన బావమరిది కొట్లో ఖరీదైన టీవీ కొనిపించాలని ఉంది. ఆయన కావాలనే వెనక వరుసలో కూర్చుని, "చవక సరుకమ్మా! ఇక్కణ్ణుంచి చూస్తే మనిషో మానో తెలియట్లేదు. తిరిగిచ్చెయ్," అన్నాడు.

ముసలివాళ్ల మొహాలు వాడిపోయాయి. పోలమ్మ మాత్రం నవ్వుతూ, "అలాగే బాబూ, ఇదొక్కటి చూసి చెప్పండి," అని ఫోన్లో తీసిన బడి వార్షికోత్సవం టీవీలో పెట్టింది. వేదిక మీద పిల్లలు పాడుతున్నారు. వాళ్ల వెనక, ఓ మూలన, ఒకాయన నోరు తెరుచుకుని కునుకు తీస్తున్నాడు.

"ఆపు! ముందది ఆపు! అందరూ నన్నే చూస్తున్నారు!" జగ్గునాయుడు లేచి అరిచాడు.

"అంత దూరం నుంచి, ఆ మూలనున్న మిమ్మల్ని పోల్చుకున్నారంటే బొమ్మ బాగున్నట్టే కదా బాబూ?"

గది గొల్లుమంది. నాయుడికీ నవ్వాగలేదు. "సరే, ఉంచండి," అన్నాడు.

ముసలి అప్పలస్వామి మెల్లగా వచ్చి పోలమ్మ చేతులు పట్టుకున్నాడు. "ఆ రోజు బడికెళ్లి కూర్చున్నా నా మనవరాలు కంటికి ఆనలేదమ్మా. ఇప్పుడు దాని జడలో కనకాంబరాలు కూడా కనిపించాయి. చల్లగా ఉండు తల్లీ!"